కోట మారిన ఖిల్లాదారు, పేరు మారిన ప్లేయరు

కడప నుంచి రాయచోటి మీదుగా మదనపల్లె వెళ్లే దారిలో నిట్టనిలువుగా లేచిన బండ ఒకటి కనిపిస్తుంది. పైన కోట, కింద గుర్రంకొండ ఊరు. రెండున్నర శతాబ్దాల కిందట ఈ కోటను ఏలిన మీర్ రజా అలీ ఖాన్, మైసూరు హైదర్ అలీకి బావమరిది. 1767లో పీష్వా మాధవరావు దండెత్తి వచ్చినప్పుడు సీరా కోట ఈయన చేతిలో ఉంది. ఆయన దాన్ని మరాఠాలకు అప్పగించి వాళ్ల కొలువులో చేరిపోయాడు. అందుకు ప్రతిఫలంగా దక్కిందే గుర్రంకొండ జాగీరు. మరుసటి ఏడాది మళ్లీ హైదర్ పక్షానికి వచ్చేశాడు. హైదర్ చేర్చుకున్నాడు. అప్పటినుంచి మీర్ సాహెబ్ ఆయన ముఖ్య సేనానుల్లో ఒకడిగా ఉండి, 1781 జులైలో పోర్టోనోవో యుద్ధంలో తగిలిన దెబ్బకు ప్రాణం విడిచాడు. సమాధి గుర్రంకొండలోనే ఉంది.

ఒకసారి పక్షం ఫిరాయించినవాణ్ని మళ్లీ నమ్మాలా వద్దా? అలాంటివాడు ఇంకొక పక్షంలోకి వస్తానంటే ఆ పక్షం ఏం చూసి చేర్చుకోవాలి? ఈ ప్రశ్నలు ఇప్పుడు మదనపల్లెలోనూ పుంగనూరులోనూ కుప్పంలోనూ రోజూ రాత్రి పూట ఫోన్లలో ఆడే ఆటల్లో నడుస్తున్నాయి. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో ఒక క్లాన్‌లో 50 మంది దాకా ఉండొచ్చు. కొత్తవాడు చేరతానని రిక్వెస్ట్ పెడతాడు. క్లాన్ లీడర్‌కి ముందుగా కనిపించేవి అతని లెవెల్, ట్రోఫీలు, పేరు. వార్ మొదలయ్యాక దాడి చేయకుండా వదిలేస్తాడా, దళాలు అడిగి తీసుకుని తను మాత్రం ఎవరికీ ఇవ్వకుండా వెళ్లిపోతాడా, కో-లీడర్ హోదా ఇస్తే ఒక రాత్రిలో సగం మందిని కిక్ చేసేస్తాడా అన్నది మాత్రం తెర మీద కనిపించదు. నలుగురి స్క్వాడ్‌తో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐలోనూ ఇంతే. గురి బాగా ఉన్నవాడు దొరకడం తేలిక, చివరి సర్కిల్ దాకా పక్కన నిలబడేవాడు దొరకడం కష్టం.

ఇదంతా పిల్లల గొడవ అని కొట్టిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. ముఖం చూడని మనుషులు, ఒకరి ఊరు ఒకరికి తెలియనివాళ్లు, ఏ రాతకోతలూ లేకుండా యాభై మంది ఒక పనికి కట్టుబడటం చిన్న విషయం కాదు. అది ఎలా నిలుస్తుంది, ఎక్కడ కూలుతుంది అన్నదాని మీద గణితం, కంప్యూటర్ శాస్త్రం, పరిణామ జీవశాస్త్రం కలిసి నలభై ఏళ్లకు పైగా పని చేశాయి. ఆ పని ఫలితాలు మన పిల్లల ఫోన్లలో నిశ్శబ్దంగా అమలవుతున్నాయి. వాటిని తెలుసుకోవడం వాళ్లకూ అవసరమే, వాళ్ల పెద్దవాళ్లకూ అవసరమే.

ముందు నైపుణ్యం సంగతి. ఆటగాడి గతాన్ని ఒక్క అంకెలోకి దించే పద్ధతుల్లో మిగతావాటికి మూలం చదరంగానిది. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు ఆర్పాడ్ ఎలో దీన్ని రూపొందించాడు. అమెరికా చెస్ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించాయి. దీని కీలకం ఏమిటంటే, ప్రతి ఆటకూ ముందే ఒక అంచనా ఉంటుంది. ఇద్దరి రేటింగుల మధ్య తేడా 400 అయితే, పై ఆటగాడికి 10 ఆటలకు 9కి పైగా పాయింట్లు రావాలని లెక్క. ఆట అయ్యాక వచ్చిన ఫలితానికీ అంచనాకూ ఉన్న తేడాను బట్టి రేటింగు పెరుగుతుంది, తగ్గుతుంది.

వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు ఫిడే జాబితాలో 2801కి చేరాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు అతనే. ఆ అంకెతో అతను 2700 ఉన్న ఆటగాడితో ఆడాడనుకుందాం. సూత్రం ప్రకారం అతనికి రావలసింది 0.64 పాయింటు. పై స్థాయి ఆటగాళ్లకు ఫిడే వాడే గుణకం 10. కాబట్టి గెలిస్తే 3.6 కలుస్తుంది, డ్రా అయితే 1.4 పోతుంది, ఓడితే 6.4 పోతుంది. గెలుపు కంటే ఓటమి ఖరీదు దాదాపు రెండింతలు. 2007లో కోనేరు హంపి 2600 దాటినప్పుడు, జూడిత్ పోల్గార్ తర్వాత ఆ గీత దాటిన రెండో మహిళ అయింది. ఆ అంకె వెనుక చిన్ననాటి నుంచి ఆమె ఆడిన రేటెడ్ ఆటలన్నీ ఉన్నాయి. దాన్ని అరువు తెచ్చుకోలేరు, ఇంకొకరికి రాసివ్వలేరు.

ఎలో పద్ధతిలో ఒక లోటు ఉంది. ఐదు ఆటలు ఆడిన కుర్రాడి 1800నీ, ఐదు వందల ఆటలు ఆడినాయన 1800నీ అది ఒకేలా చూపిస్తుంది. మొదటిది ఊహ, రెండోది దాదాపు ఖాయం. 1990లలో అమెరికా గణాంకవేత్త మార్క్ గ్లిక్‌మన్ దీనికి రెండో అంకె చేర్చాడు. రేటింగు పక్కనే ‘ఈ రేటింగు మీద మనకు ఎంత అనుమానం ఉంది’ అని చెప్పే అంకె అది. చాలాకాలం ఆడకపోతే రేటింగు అలాగే ఉంటుంది, అనుమానం పెరుగుతుంది. 2005లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఎక్స్‌బాక్స్ ఆటల కోసం ట్రూస్కిల్ అనే పద్ధతి తెచ్చారు. జట్టుగా ఆడినప్పుడు గెలుపోటముల్లో ఒక్కొక్కరి వాటా ఎంతో అది అంచనా వేస్తుంది. కొత్తవాడికి 25 దగ్గర మొదలుపెట్టి, చుట్టూ పెద్ద అనుమానం ఉంచి, లీడర్‌బోర్డు మీద చూపించేటప్పుడు అనుమానాన్ని మూడింతలు తీసేస్తుంది. అందుకే మొదటి రోజు అందరూ సున్నాలోనే కనిపిస్తారు.

అనుమానాన్ని కూడా ఒక అంకెగా రాసుకోవడం చాలా పెద్ద అడుగు. నమ్మకం లెక్కించేటప్పుడు ఇదే పనికొస్తుంది.

నమ్మకానికి ఉన్న సూత్రాల్లో నాకు బాగా నచ్చింది చాలా చిన్నది. ఆడన్ యోసాంగ్, రోస్లాన్ ఇస్మాయిల్ అనే పరిశోధకులు 2002లో ప్రతిపాదించిన పద్ధతిలోనిది. దాని వేళ్లు 18వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ దగ్గర ఉన్నాయి. మాట నిలబెట్టుకున్నవి ఎన్నిసార్లో దానికి ఒకటి కలపండి. మొత్తం ఎన్ని అవకాశాలో దానికి రెండు కలపండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఏ గతమూ లేనివాడికి రెండింట ఒకటి, అంటే సగం. పది వార్లలో తొమ్మిదింట దాడి చేసినవాడికి పన్నెండింట పది, అంటే 83 శాతం. వంద వార్లలో తొంభైసార్లు చేసినవాడికి 102లో 91, అంటే 89 శాతం. ఇద్దరూ పదికి తొమ్మిది చొప్పున నిలబెట్టుకున్నవాళ్లే. అయినా ఎక్కువ రోజులుగా నిలబడ్డవాడికి ఎక్కువ దక్కింది. ఏ క్లాన్ లీడరైనా కాగితం మీద వేసుకోగల లెక్క ఇది.

మరి ఇంత తేలికైనప్పుడు గొడవ ఎక్కడొచ్చింది? మొదటి గొడవ పేరుతో వచ్చింది.

మీర్ సాహెబ్ సీరా అప్పగించాక ‘నేను మీర్ సాహెబ్‌ని కాదు, ఇంకెవరినో’ అని మైసూరు రాలేడు. ముఖం ఒకటే, వంశం ఒకటే, చెల్లెలో అక్కో హైదర్ ఇంట్లోనే ఉంది. ఆన్‌లైన్‌లో పేరు చెడితే కొత్త ఐడీ తీసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. అమెరికా పరిశోధకులు ఎరిక్ ఫ్రీడ్‌మన్, పాల్ రెజ్నిక్ 2001లో దీని మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. పేర్లు చవగ్గా దొరికే చోట మోసగాడూ, నిజంగా కొత్తవాడూ ఒకేలా కనిపిస్తారు. ఇద్దరికీ గతం ఖాళీయే. అందువల్ల సమాజం చేయగలిగింది ఒక్కటే, కొత్తవాళ్లందరినీ కొంతకాలం అనుమానించడం. మదనపల్లె టమాటా మార్కెట్‌కు ఎక్కడినుంచో కొత్తగా వచ్చిన వ్యాపారికి మొదటి రోజే ఎవరూ అరువు మీద సరుకు ఎత్తరు. వ్యాపారి ఎంత నిజాయితీపరుడైనా కొన్నాళ్లు నగదు ఇచ్చి తీరాలి. ఆ నగదు భారం పాత మోసగాళ్లు చేసిన అప్పు, కొత్తవాడు తీరుస్తున్నాడు.

అదే పేరు ఎప్పటికీ మారకుండా ఉంటే? క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో పైకి కనిపించే పేరు మార్చుకోవచ్చు కానీ, కింద ప్లేయర్ ట్యాగ్ అని అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు ఒకటి ఉంటుంది. అది మారదు. అనుభవం ఉన్న లీడర్లు పేరు చూడరు, ట్యాగ్ చూస్తారు. ఏ క్లాన్లలో తిరిగాడో ట్యాగ్ పట్టుకుని వెతుకుతారు. ఫ్రీడ్‌మన్, రెజ్నిక్ సూచించిన పరిష్కారం దీన్ని మించింది. ఒక మనిషికి ఒక ఆటలో జీవితకాలానికి ఒకే గుర్తు ఇవ్వాలి, కానీ ఆ గుర్తును అతని అసలు పేరుతో, ఊరితో ముడిపెట్టకూడదు. మోసగాడు రెండో గుర్తు తీసుకోలేడు, అలాగని అతని ఇంటి చిరునామా ఎవరికీ తెలియదు. ఇది అమలు చేయడం కష్టం. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు జాన్ డౌసర్ 2002లో చూపించినట్టు, గుర్తింపును ధ్రువీకరించే నమ్మకమైన కేంద్రం ఒకటి లేకపోతే, ఒకే మనిషి వంద మందిలా నటించడాన్ని పూర్తిగా ఆపే దారి లేదు. ఆ వంద ఐడీలూ ఒకదాన్నొకటి ‘మంచి ప్లేయర్’ అని మెచ్చుకుంటూ పోతే పైన చెప్పిన చిన్న సూత్రం కుప్పకూలుతుంది.

రెండో గొడవ ఇంకా లోతైనది. ఆటగాడి చరిత్ర ఏం జరిగిందో రాస్తుంది, ఎందుకు జరిగిందో రాయదు.

దీనికి తెలుగువాళ్లు దగ్గరినుంచి చూసిన ఉదాహరణ ఉంది. కరోనా ఏడాది 2020లో ఫిడే మొదటిసారి ఆన్‌లైన్ ఒలింపియాడ్ జరిపింది. భారత జట్టులో కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్నారు. ఆగస్టు 28న క్వార్టర్ ఫైనల్ అర్మేనియాతో. మొదటి మ్యాచ్‌లో భారత ఆటగాడు నిహాల్ సరిన్‌తో ఆడుతున్న అర్మేనియా కుర్రాడి కనెక్షన్ తెగిపోయింది, గడియారం అయిపోయింది, ఆట పోయింది. తమ వైపు ఇంటర్నెట్ బాగానే ఉందని అర్మేనియా అప్పీలు చేసింది. అప్పీలు తిరస్కరించారు. అర్మేనియా రెండో మ్యాచ్ ఆడకుండా తప్పుకుంది. భారత్ సెమీఫైనల్లో పోలండ్‌ను ఎదుర్కొని, చివరి నిర్ణాయక ఆటలో హంపి గెలుపుతో బయటపడింది. రెండు రోజులకు ఆగస్టు 30న రష్యాతో ఫైనల్. ఈసారి కనెక్షన్ పోయింది భారత్ వైపు. నిహాల్ సరిన్, దివ్య దేశ్‌ముఖ్ ఇద్దరూ సమయం అయిపోయి ఓడారు.

ఆ రోజు సెంచురీలింక్ అనే పెద్ద అమెరికా నెట్‌వర్క్‌లో తప్పుడు నియమం ఒకటి పడి, దాని మీద ఆధారపడిన క్లౌడ్‌ఫ్లేర్ సేవలు ప్రపంచమంతటా గంటల తరబడి తడబడ్డాయి. అంటే కారణం బయట ఉంది, అందరికీ కనిపించేలా ఉంది. భారత్ అప్పీలు చేసింది. అప్పీళ్ల సంఘంలో ఏకాభిప్రాయం కుదరలేదు. ఆరు ఆటల్లో రెండు దెబ్బతిన్నాయి కాబట్టి రెండు జట్లకూ బంగారు పతకం ఇవ్వాలని ఫిడే అధ్యక్షుడు అర్కాదీ ద్వోర్కోవిచ్ నిర్ణయించాడు. ఒకే టోర్నీలో, ఒకే రకం ఘటనకు, రెండు వేర్వేరు ముగింపులు. మొదటిదాంట్లో కారణం ఒక్క ఆటగాడి దగ్గర ఆగిపోయింది, రెండోదాంట్లో ప్రపంచమంతా సాక్ష్యం చెప్పింది. స్కోరు పట్టికలో మాత్రం రెండూ ‘సమయం అయిపోయి ఓటమి’ అనే పడ్డాయి. అర్మేనియా కోపం నాకు అర్థమవుతుంది, మన బంగారం మీద నాకు సంతోషం ఉన్నా సరే.

మన ఊళ్లలో ఇది ప్రతి సాయంత్రం జరిగేదే. ఓడిపోతున్నానని ఫోన్ ఆపేసినవాడూ, కరెంటు పోయి వైఫై ఆగిపోయినవాడూ, కొండ పక్క సిగ్నల్ అందనివాడూ సర్వర్ కంటికి ఒక్కటే. మధ్యలో వదిలి వెళ్లిన ఆట అని రాసుకుంటుంది. బీజీఎంఐలో ‘మెరిట్’ అని వందకు లెక్కించే ఒక అంకె ఉంది. సొంత జట్టువాణ్ని చంపినా తగ్గుతుంది, మధ్యలో వదిలినా తగ్గుతుంది. బాగా తగ్గితే జట్టుగా ఆడే దారి మూసుకుంటుంది. నెట్‌వర్క్ బలహీనంగా ఉన్న పల్లె కుర్రాడు నగరపు కుర్రాడి కంటే ఎక్కువ ‘నమ్మదగనివాడు’గా తేలడానికి ఇదొక దారి. దీని గురించి ఎవరూ తగినంత మాట్లాడటం లేదు.

ఈ పొరపాటు ఎంత నష్టం చేస్తుందో లెక్క కట్టినవాళ్లున్నారు. అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1980 ప్రాంతంలో ఒక కంప్యూటర్ పోటీ పెట్టాడు. ఇద్దరు ఆటగాళ్లు మళ్లీ మళ్లీ ఎదురుపడతారు. ప్రతిసారీ సహకరించొచ్చు, మోసం చేయొచ్చు. ఇద్దరూ సహకరిస్తే ఇద్దరికీ మంచిది, ఒకడు మాత్రమే మోసం చేస్తే వాడికి ఇంకా మంచిది. నిపుణులు 14 ప్రోగ్రాములు పంపారు. గెలిచింది అన్నిటికన్నా చిన్నది, అనటోల్ రాపొపోర్ట్ పంపినది. మొదట సహకరించు, తర్వాత ఎదుటివాడు కిందటిసారి ఏం చేశాడో అదే చెయ్యి. ఈ ఫలితం అందరికీ చెప్పి రెండో పోటీ పెడితే 62 ప్రోగ్రాములొచ్చాయి. మళ్లీ అదే గెలిచింది. దెబ్బకు దెబ్బ, మంచికి మంచి అన్న ఈ పద్ధతికి కావలసిన జ్ఞాపకం ఒక్క ఆటంత.

కానీ ఆ పోటీలో కనెక్షన్లు తెగవు. పొరపాట్లు జరిగే లోకంలో ఇదే పద్ధతి పాటించే ఇద్దరిని వదిలితే, ఒక్క తప్పుడు సంకేతం చాలు. ఒకడు దెబ్బ తీశాడనుకుని రెండోవాడు తిరిగి కొడతాడు, మొదటివాడు మళ్లీ కొడతాడు, తరాల పగలా సాగిపోతుంది. మార్టిన్ నోవాక్, కార్ల్ జిగ్మండ్ 1992లో దీనికి మందు చూపించారు. మంచికి ఎప్పుడూ మంచే చెయ్యి, చెడుకు మాత్రం అప్పుడప్పుడు క్షమించు. ఆక్సెల్‌రాడ్ వాడిన పాయింట్లతో లెక్కేస్తే, మూడుసార్లలో ఒకసారి క్షమించడం సరిపోతుందని వచ్చింది. అంతకన్నా ఎక్కువ క్షమిస్తే మోసగాళ్లు వాడుకుంటారు, తక్కువ క్షమిస్తే పొరపాటే పగగా మారుతుంది. క్షమించడం మెత్తదనం అనుకునే క్లాన్ లీడర్లకు ఈ అంకె చూపించాలి.

హైదర్ చేసింది ఏమిటో ఇప్పుడు కొంచెం స్పష్టంగా చూడొచ్చు. ఆయన దగ్గర ముప్పాతిక లెక్క ముందే ఉంది. మనిషి ఎవరో ఖాయం, గతం సుదీర్ఘం, ముందు ముందు మళ్లీ ఎదురుపడక తప్పని బంధుత్వం. ఒక చెడ్డ ఎత్తు ఉంది నిజమే, కానీ అది వేసిన పరిస్థితిని కూడా ఆయన ఎరుగును. సీరా గోడల ముందు ఉన్నది పీష్వా సైన్యమంతా. యోసాంగ్ పద్ధతిలో దీనికి సమానమైనది ‘మరపు’ గుణకం. వారం వారం పాత లెక్కను 0.9తో గుణిస్తూ పోతే, ఏడో వారానికి పాత తప్పు బరువు సగం కంటే తగ్గుతుంది. తప్పు చెరిగిపోదు, కొత్త ప్రవర్తనకు చోటు ఇస్తుంది.

ఇంతవరకూ ఒక్క మనిషి సంగతి. గుంపుకూ గుంపుకూ మధ్య నమ్మకం వేరే లోకం. 1771లో గుర్రంకొండ మళ్లీ మరాఠాల పాలైంది, తర్వాత టిప్పు తిరిగి తీసుకున్నాడు, 1791లో నిజాం, ఈస్టిండియా కంపెనీ సేనలు కింది కోటలోకి చొరబడ్డాయి, 1799లో నిజాముకు, 1800లో కంపెనీకి పోయింది. ప్రతి మలుపులోనూ ఎవరు ఎవరితో ఉన్నారన్నది మారుతూ వచ్చింది. ఆటల్లో దీనికి సరితూగే లోకం ఐస్‌లాండ్ సంస్థ సీసీపీ 2003లో మొదలుపెట్టిన ఈవ్ ఆన్‌లైన్. వేలమంది ఒకే అంతరిక్షంలో, కార్పొరేషన్లుగా, వాటి కూటములుగా బతుకుతారు. మన దేశంలో ఆడేవాళ్లు తక్కువే అయినా నమ్మకం గురించి చదివేవాళ్లకు ఇంతకన్నా మంచి ప్రయోగశాల లేదు.

ఈవ్‌లో ప్రతి పాత్రకూ ఉద్యోగ చరిత్ర ఉంటుంది. ఏ కార్పొరేషన్‌లో ఎప్పుడు చేరాడు, ఎప్పుడు వదిలాడు అన్నది ఎవరైనా చూడొచ్చు, చెరపడానికి వీల్లేదు. రెండు గుంపుల మధ్య సంబంధానికి మైనస్ 10 నుంచి ప్లస్ 10 దాకా అంకె పెట్టుకోవచ్చు. మిత్రులు నీలంగా, శత్రువులు ఎర్రగా తెర మీద కనిపిస్తారు. చేర్చుకునే ముందు కార్పొరేషన్లు కొత్తవాడి పాత ఉత్తరాలు, డబ్బు లావాదేవీలు చదవడానికి అనుమతి అడిగే ఆచారం కూడా చాలాకాలం నడిచింది. ఇంత పకడ్బందీ ఉన్నా 2009 ఫిబ్రవరిలో ఆటలోకెల్లా బలమైన కూటమి బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ ఒక్క రాత్రిలో మాయమైంది. దాని డైరెక్టర్లలో ఒకడు శత్రువు గూన్‌స్వార్మ్‌తో కలిసిపోయి, తనకున్న అధికారంతో కూటమినే రద్దు చేసేశాడు. ఒక్క తుపాకీ పేలకుండా భూభాగాలు చేజారాయి.

దీంట్లో ఒక చేదు సంగతి ఉంది. చరిత్ర అందరూ చూసేచోట, శత్రువు పంపే గూఢచారి కూడా శుభ్రమైన చరిత్రనే తయారు చేసుకుంటాడు, నెలల తరబడి, ఏళ్ల తరబడి. మచ్చలేని గతం నమ్మకానికి గుర్తుగా మారిన మరుక్షణం అది మారువేషం కూడా అవుతుంది. అందుకే అనుభవం ఉన్న కూటములు మనిషి అంకె ఎంత బాగున్నా ఖజానా తాళం, రద్దు చేసే అధికారం ఒక్కరి చేతిలో పెట్టవు. మన క్లాన్లలో కో-లీడర్ హోదా ఎంతమందికి పంచుతున్నారో ఒకసారి చూసుకోవడం మంచిది.

సాక్ష్యం ఎవరిదన్నది కూడా తూకం వేయాలి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2003లో ప్రతిపాదించిన ఐగెన్‌ట్రస్ట్ పద్ధతిలో నా మీద మీకున్న అభిప్రాయం విలువ, మీ మీద ఇతరులకున్న నమ్మకాన్ని బట్టి ఉంటుంది. ఆ ఇతరుల విలువ వాళ్ల మీద ఉన్న నమ్మకాన్ని బట్టి. ఈ చుట్టు తిప్పుతూ పోతే చివరికి అంకెలు ఒకచోట స్థిరపడతాయి. ఒకరినొకరు మెచ్చుకునే దొంగ ఐడీల గుంపును అరికట్టడానికి, ముందే నమ్మకం కుదిరిన కొద్దిమందిని ఆధారంగా పెట్టుకుంటారు. పరిణామ శాస్త్రవేత్తలు ఇంకో మెలిక చూపించారు. ఒకడు సహకరించలేదు అంటే సరిపోదు, ఎవరికి సహకరించలేదో చూడాలి. మోసగాడికి సాయం నిరాకరించినవాడి పేరు చెడకూడదు. చెడిందంటే మోసగాణ్ని దండించేవాడే మిగలడు.

ఒకడి తప్పుకు గుంపంతా చెల్లించాలా? 2020లో ప్రో చెస్ లీగ్ ఆన్‌లైన్ ఫైనల్ గెలిచిన జట్టులో ఒక ఆటగాడు నిజాయితీ నిబంధన ఉల్లంఘించాడని నిర్వాహకులు తేల్చి, టైటిల్‌ను జట్టంతటి నుంచీ తీసి ఓడిన జట్టుకు ఇచ్చారు. మిగతావాళ్ల తప్పు లేదు. అయినా అది సరైన నిర్ణయమే అంటాను. గుంపుగా గెలుపు తీసుకునేటప్పుడు గుంపుగా పూచీ కూడా పడాలి. అప్పుడే పక్కవాణ్ని గమనించే బాధ్యత జట్టుకు ఉంటుంది.

ఇక ఈ లెక్కలన్నీ ఎవరి దగ్గర ఉన్నాయి? 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించినప్పుడు, కుర్రాళ్లు ఏళ్ల తరబడి పోగేసుకున్న ర్యాంకులూ రికార్డులూ అందుబాటులో లేకుండా పోయాయి. 2021 జులై 2న బీజీఎంఐ వచ్చినప్పుడు పాత ఖాతా సమాచారాన్ని కొత్తదానికి తరలించుకునే వీలు ఇచ్చారు. అది కంపెనీ ఇచ్చిన వెసులుబాటు, ఆటగాడి హక్కు కాదు. 2017 నవంబరులో వాల్వ్ సంస్థ కౌంటర్ స్ట్రైక్ ఆటలో ట్రస్ట్ ఫ్యాక్టర్ తెచ్చింది. ఎవరితో ఎవరిని కలపాలో అదే నిర్ణయిస్తుంది. ఎంతసేపు ఆడారు, ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఇతర ఆటల్లో ఎంతసేపు గడిపారు అన్నవి చూస్తుందని చెప్పారు గానీ సూత్రం బయటపెట్టలేదు. సూత్రం తెలిస్తే మోసగాళ్లు దాన్ని దాటేస్తారన్నది వాళ్ల వాదన. వాదనలో నిజం ఉంది. అయితే ఎలో రేటింగు సూత్రం అందరికీ తెలుసు, అర్జున్ తన ప్రతి దశాంశాన్నీ సరిచూసుకోగలడు. కౌంటర్ స్ట్రైక్ ఆడే మదనపల్లె కుర్రాడు తన ట్రస్ట్ ఫ్యాక్టర్ ఎంతో కూడా చూడలేడు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం వాటిని దేశమంతటా నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడగా గుర్తించింది. క్రీడ అన్నాక రికార్డు ఉంటుంది, రికార్డు ఉన్నాక దాని మీద అప్పీలు ఉండాలి. ఒలింపియాడ్‌లో భారత జట్టు మాట వినడానికి ఒక సంఘం కూర్చుంది. కుప్పం స్క్వాడ్‌కు బ్యాన్ పడితే జవాబిచ్చేది చాలాసార్లు యంత్రం పంపిన ఈమెయిల్.

దీనికి తోడు ఇంకొక ముడి ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తన గురించిన తప్పుడు సమాచారాన్ని సరిచేయించుకునే హక్కు ఇచ్చింది. అదే చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల ప్రవర్తనను వెంటాడి గమనించడాన్ని నిషేధించింది. కొన్ని సందర్భాల్లో ప్రభుత్వం మినహాయింపులివ్వొచ్చు. మరి పదహారేళ్ల కుర్రాడు ఎన్నిసార్లు ఆట మధ్యలో వదిలాడు, ఎవరిని తిట్టాడు, ఏ క్లాన్ నుంచి ఏ క్లాన్‌కు మారాడు అని రాసుకునే మెరిట్ లెక్క ప్రవర్తనను వెంటాడటం అవుతుందా, ఆటను కాపాడటం అవుతుందా? మోసగాళ్ల మధ్యకు పిల్లవాణ్ని వదిలేయకుండా ఉండాలంటే ఆ లెక్క కావాలి. పిల్లవాడి తప్పులు పెద్దయ్యాక కూడా వెంటాడకుండా ఉండాలంటే ఆ లెక్కకు గడువు ఉండాలి. పద్దెనిమిదో పుట్టినరోజున పాత మెరిట్ అంకె మాసిపోవాలని, కనెక్షన్ తెగిన ఆటను వదిలేసిన ఆటగా రాసే ముందు కారణం చూడాలని, బ్యాన్ వేసిన చోట మనిషి జవాబు చెప్పాలని నియమాల్లో రాయించుకోవడం ఇప్పుడు సాధ్యం.